చెత్త పంపకాలు

మా నాన్న మా అత్తకి ఏదైనా చెప్పాలనుకుంటే కుక్కని పిలిచేవాడు.

కుక్క ఇద్దరిదీ. ఇల్లు పంచుకున్నప్పుడు, తోట పంచుకున్నప్పుడు, ఆఖరికి ఇత్తడి బిందెలు పంచుకున్నప్పుడు కూడా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందుకని అది పొద్దున మా వాకిట్లో తిని, సాయంత్రం అత్త వాకిట్లో తినేది. గట్టు అవతల అత్త ఉందని తెలిస్తే చాలు, నాన్న గొంతు పెంచి, "ఏమే కుక్కా, అటెందుకు పోతావ్? అది తోటనుకున్నావా, పందుల దొడ్డి" అనేవాడు. కుక్క తోక ఆడించేది. అత్త అటునించి అందుకునేది.

"ఇటు రావే కుక్కా! అక్కడంతా అద్దంలా ఊడ్చేశారు. నీ మొహం నీకే కనపడి జడుసుకుంటావు."

అత్త నాన్నకి అక్క. తాతయ్య పోయిన ఏడాది అత్తారింటి నుంచి ఒక పెట్టెతో తిరిగొచ్చి వాటా అడిగింది. పెద్దమనుషులు కూర్చుని కోకో తోటని నిలువునా రెండు చేశారు. రోడ్డు వైపు సగం నాన్నకి, వాగు వైపు సగం అత్తకి. మధ్యలో మోకాటి లోతు కందకం తవ్వి, తీసిన మట్టిని మా వైపు గట్టుగా పోశారు. గట్టు మీద ఒక పెద్ద నీడ చెట్టు ఉంది. మాను మాది, కొమ్మలు సగం అటు. దాని ఆకులు మాత్రం పెద్దమనుషుల తీర్పు వినలేదు. గాలి ఎటుంటే అటు రాలేవి.

ఊళ్ళో నాన్నని "అద్దం" అనేవాళ్ళు, అత్తని "చిట్టడవి" అనేవాళ్ళు. నన్ను ఏమీ అనేవాళ్ళు కాదు. నేను ఉన్నానన్న సంగతి చాలామందికి గుర్తుండేది కాదు. బళ్ళో చెయ్యెత్తేదాన్ని కాదు, దారిలో ఎవరైనా ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. అత్త ఒక్కతే నాకో పేరు పెట్టింది. పిల్లి. "పిల్లి వచ్చిందంటే పాలు పోయాకే తెలుస్తుంది" అనేది, కుక్కతోనే.

నేను చెప్పేది నిరుటి వేసవి సంగతి.

అప్పటికి మూడేళ్ళుగా మా సగం కాపు తగ్గిపోతూ వస్తోంది. కోకోకి పూత కొమ్మల చివర రాదు. మానుకే, బెరడు మీదే, చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తాయి. పువ్వు కట్టుకుంటే అక్కడే పిందె, అక్కడే కాయ. కట్టుకోకపోతే మర్నాటికల్లా రాలిపోతుంది. మా చెట్లు పెళ్ళిపందిరిలా పూసేవి, మర్నాడు నేలంతా తెల్లగా రాలేవి. గట్టు దాటితే అత్త చెట్లకి మొదలు నించి కొమ్మ దాకా కాయలు.

అదే విత్తనం, అదే నీళ్ళు, అదే వయసు చెట్లు. తేడా ఒకటే. మా తోట నేల మీద సాయంత్రానికి ఒక్క ఆకు కనపడకూడదు. ఊడ్చే పని అమ్మదీ నాదీ. కాయ కొట్టి గింజ తీశాక మిగిలిన తొక్కల్ని నాన్న గుంటలో వేసి తగలబెట్టేవాడు. కోకో మధ్యలో వేసిన అరటిచెట్ల బోదెల్ని, గెల కోశాక బండి మీద వేసి ఊరవతల పారేసి వచ్చేవాడు. "కుళ్ళు ఉన్నచోట రోగం ఉంటుంది" అనేవాడు. ఆ మాట అబద్ధం కాదు. నేను చిన్నప్పుడు ఒక వానాకాలం నల్లమచ్చ వచ్చి చెట్టు మీది కాయలన్నీ బొగ్గులైపోయాయి. ఆ తర్వాతే నాన్న చీపురు పట్టాడు.

అత్త ఏదీ ఎత్తేది కాదు. తొక్కలు కొట్టినచోటే గుట్టలు, బోదెలు నరికినచోటే ముక్కలు, వాటి మీద ఆకులు, ఆకుల మీద పుట్టగొడుగులు. ఎందుకు ఊడవవని పెద్దమనుషులు అడిగితే, "వాడు ఊడుస్తున్నాడు కదా, ఒక ఇంటికి ఒక చీపురు చాలు" అంది. నిజం చెప్పాలంటే నాన్నకి ఒళ్ళు మండాలనే ఊడ్చేది కాదు.

"నా కాయలకి కాళ్ళొచ్చి గట్టు దాటుతున్నాయే కుక్కా" అన్నాడు నాన్న ఆ ఏడాది మొదటిసారి. ఆ సాయంత్రమే గట్టు పొడుగునా ముళ్ళకంప వేశాడు.

"పిందె పడని చెట్టుకి దొంగలెందుకే కుక్కా!" అంది అత్త. "గొడ్డుబోయిన ఆవుకి కాపలా పెట్టుకున్నట్టుంది."

ఆ మాటకి నాన్న గడ్డపార పట్టుకుని గట్టెక్కాడు. అమ్మ వెనక నించి చొక్కా పట్టుకుని లాగితే భుజం దగ్గర పర్రుమని చిరిగింది. చిరిగిన చొక్కాతోనే కలప షావుకారు దగ్గరికి వెళ్ళాడు.

కలప షావుకారు పొట్టిగా, నవ్వు మొహంతో ఉంటాడు. మనిషితో మాట్లాడుతున్నా చూపు మాత్రం ఆ మనిషి వెనక చెట్టు మీదే ఉంటుంది. తోటంతా తిరిగి, ఒక్కొక్క నీడ చెట్టుకీ టేపు చుట్టి, సున్నంతో గీత గీశాడు. గట్టు మీది పెద్దచెట్టు దగ్గర ఆగి మానుని అరచేత్తో నిమిరాడు.

"బంగారంలాంటి మాను. దీన్ని పెట్టుకుని పిట్టలకి అద్దెకిచ్చారేంటండీ?"

"అద్దె కూడా ఇవ్వవు" అన్నాడు నాన్న. "ఈ పూత ఒక్కటీ చూస్తాను. పిందె నిలిచిందా, సరే. లేదంటే తొలకరి లోపే నీడ చెట్లు మీరు కొట్టుకోండి, కోకో నేను పీకేస్తాను. ఆయిల్ పామ్ వేస్తా. దానికి నీడా అక్కర్లేదు, నా ఏడుపూ అక్కర్లేదు."

నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ చెట్టు తొర్రలో చిలకలుండేవి. వేళ్ళ సందులో నేను కూర్చునే చోటు ఒకటి ఉంది, నా వీపు కోసమే చెక్కినట్టు. బడి లేని రోజుల్లో అక్కడ కూర్చుంటే ఇంట్లో వాళ్ళకి కూడా కనపడేదాన్ని కాదు. ఇప్పుడు సరిగ్గా నా తల ఆనేచోట సున్నం గీత ఉంది.

అత్తకి సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కోకోకి నీడ లేని ఎండ పనికిరాదు. గట్టు మీది చెట్టూ, మా వైపు చెట్లూ పోతే, పొద్దుటి నించి మధ్యాహ్నం దాకా అత్త తోట మీద నేరుగా ఎండే. పెద్దమనుషుల దగ్గరికి పరిగెత్తింది. "వాడి మాను వాడిష్టం, మేమేం చెప్తాం" అన్నారు. తిరిగొచ్చి కందకం దగ్గర నించుని కుక్కని పిలిచింది. గొంతు ఎప్పటిలా లేదు.

"మా తమ్ముడు తన గొడుగు విరుచుకుంటున్నాడే కుక్కా. వాడు మాడతాడని కాదు. నన్ను మాడ్చడానికి."

నాన్న విననట్టు చీపురు దులుపుకున్నాడు.

ఎరువుల కొట్టాయన నాన్నకి ఒక ఉపాయం చెప్పాడు. పువ్వుని మనమే చేత్తో కట్టించవచ్చట. ఒక చెట్టు పువ్వు తీసి, రేకులు విప్పి, లోపలి పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకి రాయాలి. నాన్న వేళ్ళకి పువ్వు నలిగిపోయేది. అమ్మకి దగ్గరివి కనపడవు. అలా ఆ పని నాకొచ్చింది. అమ్మ కనుబొమల పటకారు పట్టుకుని, చెట్టు చెట్టుకీ చిన్నపీట వేసుకుని కూర్చునేదాన్ని. కోకో పువ్వు చిన్నదే కానీ మహా మొండిది. పుప్పొడిని ఐదు టోపీల కింద దాచుకుంటుంది. నాలాంటిదే అనుకునేదాన్ని. ఎవరైనా వచ్చి టోపీ ఎత్తాలి తప్ప తనంతట తను బయటికి రాదు.

నాకా పని నచ్చింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కానీ ఒక చెట్టు పూర్తయ్యేసరికి పూట గడిచేది. తోటంతా నేను ఒక్కదాన్నే కట్టించడం చెంబుతో చెరువు నింపడమే.

గట్టు పక్క వరసకి వచ్చినప్పుడు ఒక వింత చూశాను. అక్కడి చెట్లకి నేను ముట్టుకోకముందే పిందెలున్నాయి. అగ్గిపుల్ల తలంత ఆకుపచ్చ పిందెలు. తోట లోపలికి వెళ్ళే కొద్దీ తగ్గిపోయి, రోడ్డు వైపు ఒక్కటీ లేదు. పీట అక్కడే వేసుకుని, పటకారు ఒళ్ళో పెట్టుకుని, ఏ పనీ చెయ్యకుండా ఒక పువ్వుని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి నలుసులాంటిది వచ్చి టోపీ మీద వాలింది. నుసుము, దోమకన్నా చిన్న పురుగు. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే ఏనుగనిపిస్తుంది. టోపీ కిందికి దూరి, వీపు నిండా పుప్పొడితో బయటికొచ్చి, పక్క చెట్టుకి పోయింది. నేను పీటేసుకుని, పటకారు పట్టుకుని, నాలుక బయటపెట్టి చేసే పని అది రెండు రెప్పపాట్లలో చేసేసింది.

ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడటానికి గట్టెక్కి ముళ్ళకంప మీంచి తొంగిచూశాను. అత్త తోటలో కుళ్ళిన అరటి బోదె ఒకటి పగిలి పడి ఉంది. దాని తడి పొరల్లోంచి నుసుములు పొగలా లేస్తున్నాయి. పక్కన తొక్కల గుట్ట మీంచి కూడా. మా వైపు తిరిగి చూస్తే ఊడ్చిన నేల, గీతలు గీతలుగా చీపురు ఆనవాళ్ళు.

అమ్మతో చెప్పాను. అమ్మ పొయ్యి ముందు నించి లేవకుండానే, "మీ నాన్నతో చెప్పు" అంది.

"నువ్వు చెప్పమ్మా."

"నేను చెబితే, ఎవరు నేర్పారంటాడు. మీ నాన్న చేతికి అందదు కాబట్టి కానీ, లేకపోతే ఆకాశం కూడా ఊడ్చేసేవాడు. ఆయనకి చెత్త మంచిదని చెప్పే ధైర్యం నాకు లేదు తల్లీ."

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. మాట గొంతులోంచి బయటికి రావడానికే సగం కంచం అయిపోయింది. నుసుముల సంగతి, బోదె సంగతి, గట్టు పక్క వరస సంగతి. నాన్న నమలడం ఆపేశాడు.

"ఆవిడ నేర్పిందా?"

"కాదు నాన్నా, నేనే చూశా..."

"ఎప్పుడెళ్ళావ్ అటు?"

"వెళ్ళలేదు. గట్టు మీంచే..."

"నా ఇంట్లో తింటూ, నా పీట మీద కూర్చుని, ఆవిడ చెత్తని పూజ చెయ్యమంటావా? నల్లమచ్చ వచ్చిన ఏడు నువ్వు పసిపిల్లవి. ఒక్క కాయ మిగల్లేదు. ఆ కుళ్ళు ఎక్కణ్ణించి వస్తుందో తెలుసా? ఆ గుట్టల్లోంచే." కంచంలోనే చెయ్యి కడిగేశాడు. లేస్తూ అమ్మతో అన్నాడు, "దీనికి మాటలే రావనుకున్నాం. వచ్చిన మొదటి మాట ఇదీ."

ఆ మధ్యాహ్నం పెద్దచెట్టు వేళ్ళ సందులో కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఒక నిర్ణయానికొచ్చాను. నాన్న వినకపోతే అత్త వింటుంది. రెండు బుట్టల కుళ్ళిన బోదె ఇస్తే, రోడ్డు వైపు చెట్ల కింద, నాన్న చూడని చోట దాచవచ్చు. పిందె పడితే చెట్లు మిగులుతాయి. చెట్లు మిగిలితే అత్తకీ మంచిదే కదా.

ముళ్ళకంప సందులోంచి దూరి కందకం దాటాను. అత్త వాకిట్లో మునక్కాడలా సన్నగా, నిటారుగా కూర్చుని కాయలు కొడుతోంది. కత్తి ఆపకుండానే నన్ను చూసింది.

"ఎవరూ, పిల్లే! మీ నాన్న చచ్చాడా ఏంటి, ఇటొచ్చావ్?"

"లేదత్తా."

"మరింకే. కూర్చో. గోరు లోపలికి పోకుండా గింజ తియ్యి."

గింజలు తీస్తూ చెప్పాను. అత్తతో చెప్పడం తేలికయింది. ఆమె నా వైపు చూడలేదు కాబట్టి. మీ చెత్తలోంచి నుసుములు వచ్చి మా గట్టు పక్క వరస పూత కడుతున్నాయి అన్నాను. అత్త కత్తి గాల్లోనే ఆగింది.

"అంటే నా చెత్త మీద వాడి చెట్లు బతుకుతున్నాయా?"

"ఆ వరస వరకూ అత్తా. రెండు బుట్టలు ఇస్తే..."

అత్త నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వారంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. పెద్దవాళ్ళు ఎందుకెందుకు నవ్వుతారో నాకప్పటికి తెలీదు.

"రేపు రా" అంది.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి పొగ. అత్త సగం మీంచి ఇంత లావు తెల్లటి పొగ లేచి, పెద్దచెట్టు కొమ్మల్లోకి ఎక్కుతోంది. చిలకలు అరుస్తూ తిరుగుతున్నాయి. గట్టు దగ్గరికి పరిగెత్తాను. అత్త నలుగురు కూలీల్ని పెట్టింది. ఇద్దరు దంతెలతో ఆకులు లాగుతున్నారు, ఇద్దరు బోదెలూ తొక్కలూ మంటలోకి విసురుతున్నారు. తడికి కాలనివాటిని బుట్టల్లో మోసుకెళ్ళి వాగు గట్టు మీద పారబోస్తున్నారు. మధ్యలో అత్త, చీర కుచ్చిళ్ళు నడుముకి దోపి, చేతిలో చీపురు. ఆమె చేతిలో చీపురు చూడటం నాకదే మొదలు.

"వినవే కుక్కా!" అని అరిచింది. "ఇన్నాళ్ళూ నా తోట తిని గట్టవతల బలిశారట! ఇక నాదీ అద్దమే. ఒక్క నుసుము దాటనివ్వను. నా మీద ఎండ పోయించేవాడికి నేనెందుకే పిందె కాయించాలి?"

"అత్తా, మీ చెట్లక్కూడా..." అన్నాను. పొగలో నా గొంతు నాకే వినపడలేదు.

నాన్న నా వెనక వచ్చి నించున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావుటే కుక్కా! ఇన్నేళ్ళకి బుద్ధొచ్చింది కొందరికి."

అమ్మ నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారం అంతా రెండు సగాలూ ఒకేలా మెరిశాయి. కందకం లేకపోతే ఎవరిది ఎక్కడిదాకానో చెప్పలేం. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, "అక్కాతమ్ముళ్ళు కలిసిపోయినట్టున్నారే" అనుకుని వెళ్ళారు.

ముందు గట్టు పక్క వరస పూలు రాలాయి. తర్వాత అత్త వైపు. శుభ్రంగా ఊడ్చిన నేల కదా, ఒక్కొక్క పువ్వూ లెక్కపెట్టినట్టు కనపడేది. చెత్తలో పడితే తెలిసేది కాదు. అత్త పొద్దున్నే వాటిని ఊడ్చేది. సాయంత్రానికి మళ్ళీ తెల్లగా. కుక్కతో మాట్లాడటం తగ్గించింది. నేను కనపడితే మొహం తిప్పుకునేది. చెప్పినందుకో, సరిగ్గా చెప్పనందుకో.

నాన్న రోజూ గట్టు పక్క వరసకి వెళ్ళి మానుల చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఈ మూడేళ్ళూ మా సగం మొత్తానికీ కాస్తో కూస్తో కాసింది ఆ ఒక్క వరసే. ఒకరోజు నేను రోడ్డు వైపు చెట్టు దగ్గర పటకారుతో కూర్చుంటే, వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపు నేను చేసే పని చూశాడు.

"ఎంతుంటాయన్నావ్ అవి?"

నేను పటకారు కొన చూపించాను.

"ఇంతేనా" అన్నాడు. లేచి, దులుపుకుని, వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున వాగు గట్టు వైపు నించి అరుపులు వినపడ్డాయి. అమ్మ పొయ్యి మీద గిన్నె దించేసి పరిగెత్తింది. వెనకే నేను.

వాగు గట్టు ఎవరిదీ కాదు. అత్త కూలీలు పారబోసిన తడి బోదెలూ తొక్కలూ అక్కడ ఒక గుట్టగా పడి ఉన్నాయి. గుట్టకి ఇటు నాన్న బుట్టతో, అటు అత్త బుట్టతో. నాన్న బుట్ట సగం నిండింది. మోచేతుల దాకా నల్లటి కుళ్ళు. ఊడ్చిన నేల మీద ఉమ్మడానికి కూడా ఒప్పుకోని మనిషి. అత్త ఆ బుట్ట అంచు పట్టుకుని లాగుతోంది.

"దొంగ నాయాలా! కాయలు కాజేస్తున్నానని కంప వేశావే, ఇప్పుడు నా చెత్త ఎత్తుకుపోవడానికి సిగ్గులేదూ?"

"పారేసిన దాని మీద నీకేం హక్కు? వాగు గట్టేమన్నా నీ బాబు సొత్తా?"

"నా బాబే కదరా వెధవా నీ బాబు!"

బుట్ట ఇద్దరి మధ్యా అలాగే ఉంది. కుక్క పక్కనే కూర్చుని ఒకసారి ఈయన మొహం, ఒకసారి ఆవిడ మొహం చూసింది. దాన్నెవరూ పిలవలేదు.

"నా బోదెలు, నా తొక్కలు. నా ఇష్టం" అంది అత్త మళ్ళీ, కొంచెం తగ్గి.

"సగం పంచు."

"సగమా! నీకు పావు కూడా ఎక్కువ."

"పెద్దమనుషుల్ని పిలుస్తా."

"పిలువ్. చెత్తకి పంచాయితీ పెట్టినోడని నీ పేరు నాలుగూళ్ళు చెప్పుకుంటాయి."

పంచడం మొదలుపెట్టారు. నీకో బుట్ట, నాకో బుట్ట. బుట్ట అంచుతో సమంగా తలకొట్టుగా ఉందా, గోపురంగా ఉందా అని మళ్ళీ గొడవ. కదిపిన చోటల్లా గుట్ట లోపలి తడి ఎండకి ఆరిపోతోంది. లోపల కదిలే తెల్లటి సన్నటి పురుగులు, అవే తర్వాత నుసుములయ్యేవి, ముడుచుకుని ఆగిపోతున్నాయి. నేను చూస్తూ ఉన్నాను.

"ఆపండి!"

ఎవరు అరిచారా అని నేనూ చూశాను.

"పంచితే ఎండిపోతుంది. ఎండితే చచ్చిపోతాయి. ఇద్దరికీ ఉండవు. నీడలో, తడిలో, ఒక్కచోటే ఉండాలి." ఊపిరి పీల్చుకున్నాను. "కందకంలో పొయ్యండి. పెద్దచెట్టు కింద. అది ఎవరిదీ కాదు."

"అదెలా, కందకం నా వైపుంది" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అమ్మ వెనక నించి ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒప్పుకున్నారని చెప్పను. అమ్మా నేనూ బుట్టలు ఎత్తి మోయడం మొదలుపెడితే ఎవరూ అడ్డు రాలేదు, అంతే. మూడో విడతకి నాన్న బుట్ట నెత్తికెత్తుకున్నాడు. అత్త కందకం దగ్గర నించుని అజమాయిషీ చేసింది. ముళ్ళకంప అడ్డమొస్తే కాలితో పక్కకి నెట్టింది. నాన్న చూశాడు, కంప తిరిగి పెట్టలేదు. నల్లమచ్చ ఉన్న తొక్క ఒక్కటి కనపడినా నాన్న ఏరి, దూరంగా గొయ్యి తీసి పాతిపెట్టాడు. అత్త కావాలని అలాంటివి రెండు మళ్ళీ లోపలికి విసిరింది. నాన్న మళ్ళీ ఏరాడు. సాయంత్రానికి తోటని రెండు చేసిన కందకం పెద్దచెట్టు కింద నేలతో సమానంగా నిండిపోయింది.

కలప షావుకారు తొలకరి ముందు అనుకున్న రోజుకే మనుషుల్నీ రంపాల్నీ వేసుకుని వచ్చాడు. అప్పటికి గట్టుకి అటూ ఇటూ వరసల్లో పిందె కనపడటం మొదలైంది. ఎక్కువేం కాదు. రోడ్డు వైపు ఇంకా ఏమీ లేదు. నాన్న గడప మీద కూర్చుని నేల వైపే చూస్తున్నాడు.

"మాటిచ్చారు" అన్నాడు షావుకారు, నవ్వు మొహంతోనే.

"ఇచ్చాను. రోడ్డు వైపువి కొట్టుకోండి."

"మొత్తం అనుకున్నాం కదండీ."

"గట్టు మీదిది కాదు. దాని పక్కవీ కాదు."

"అసలు సరుకే అది. అది లేకపోతే నాకేం మిగులుతుంది?"

"కందకానికి నీడ కావాలి" అన్నాడు నాన్న. ఎందుకో చెప్పలేదు. షావుకారు కందకం మీదికి వంగి చూసి, ముక్కు మూసుకుని, ఈ ఇంట్లో అందరికీ మతిపోయిందన్నట్టు నా వైపు చూశాడు.

రోడ్డు వైపు నీడ చెట్లు రెండు రోజులు పడుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటి పడ్డప్పుడల్లా ఇంట్లో కంచాలు అదిరేవి. ఒక చెట్టు కొమ్మల్లోంచి గూడు ఒకటి దొర్లి వాకిట్లోకి వచ్చింది. అమ్మ దాన్ని తీసి చూరులో పెట్టింది కానీ ఏ పిట్టా రాలేదు. వాటి కింది కోకో చెట్ల ఆకులు వారం తిరక్కుండా అంచులు కాలి గోధుమరంగుకి తిరిగాయి. నాన్న వాటిని పీకించి ఆయిల్ పామ్ మొక్కలు నాటాడు. ఇప్పుడు మా ఇంటి ముందు ఎండే. నాకు అలవాటు కాలేదు.

అత్త ఆ రెండు రోజులూ బయటికి రాలేదు. మూడో రోజు వచ్చి, పడినవాటిని చూసి, పడనిదాన్ని చూసి, "సగం బుద్ధి వచ్చింది" అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. కుక్క దగ్గర్లో లేదు.

అక్కాతమ్ముళ్ళు కలిసిపోయారని మాత్రం అనుకోకండి. నిన్న కూడా పోట్లాడుకున్నారు. పెద్దచెట్టు ఆకు రాల్చే రోజులివి. గాలికి ఆకులన్నీ అత్త వైపు పడ్డాయి. ఆమె వాటిని తన చెట్ల మొదళ్ళలోకి లాక్కుంటోంది. మునుపైతే, మీ చెట్టు ఆకులు నా మీద పోస్తున్నారని శాపనార్థాలు పెట్టేది. నేను గట్టు మీద వేళ్ళ సందులో, వానకి మాసిన సున్నం గీతకి తల ఆనించి కూర్చున్నాను. నాన్న కందకం అంచుకి వచ్చి నించున్నాడు. కుక్క ఎండలో పడుకుని ఉంది.

"ఆ ఆకులు నా చెట్టువి" అన్నాడు.

కుక్క తనని పిలిచారనుకుని తలెత్తింది.

"కందకంలోకి తొయ్యక్కా. మొత్తం నువ్వే తినేస్తావా?"

అత్త చేతిలో దంతె ఆగింది. నాన్న వైపు చూసింది.

"తొయ్యను. ఏం చేస్తావో చేసుకో" అంది.

అంటూనే ఒక దంతెడు ఇటు లాగింది. కుక్క కాసేపు చూసి, మళ్ళీ తల దించి పడుకుంది.